మా ఇంటి పైపులు చూసిన చాచా

పోయిన నెలలో ఒక ఉదయం మసీదు మైకులో ఎవరో పోయారని చెప్పారు. ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో. పోయినాయన పేరు చెప్పారు, తండ్రి పేరు చెప్పారు, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా అన్నారు. నేను వంటింట్లో ఉప్మాకి రవ్వ వేయిస్తున్నాను. ఆ పేరు గలవాళ్ళెవరూ నాకు తెలియదు. ఎవరో పాపం అనుకుని, నేను పాఠాలు చెప్పే బడికి ఆలస్యమవుతోందని నా పనిలో నేను పడ్డాను.

ఎదురింటి ఖాలా గేటు దగ్గరికి వచ్చి పిలిచింది.

"ఏం బేటీ, మైకుల చెప్పింది ఇనలేదా? మీ కెమెరా చాచానే పోయిండు."

ఇన్నేళ్ళు చాచా చాచా అని పిలిచినదాన్ని, ఆయన పేరు చెవిన పడితే ఎవరో అనుకున్నాను. ఈ సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. చాచా మా కోరుట్ల బస్టాండు వెనకాల గదిలో ఒక్కడే ఉండేవాడు. పొద్దున్నే చాయ్‌కి రాలేదేమా అని హోటలాయన వెళ్ళి తలుపు నెట్టి చూశాడట. నిద్రలోనే పోయాడట. అంతకన్నా చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

చాచా పనేమిటో చెప్పకుండా ఆయన్ని గురించి చెప్పలేను. ఇళ్ళలో మురుగు పైపులు మూసుకుపోతే వాటిలోకి కెమెరా పంపి చూసేవాడు. పొడవాటి గట్టి వైరు, దాని కొనకు బొటనవేలంత కెమెరా, కెమెరా చుట్టూ చిన్న చిన్న దీపాలు. లోపలున్నదంతా ఒక పెట్టెలోని తెర మీద కనిపించేది. దుబాయిలో డ్రైనేజీ కంపెనీలో పనిచేసి, వచ్చేటప్పుడు వాళ్ళు పక్కన పడేసిన పాతదొకటి అడిగి తెచ్చుకున్నాడు. దుబాయి నుంచి బంగారం తెస్తారు, అత్తరు తెస్తారు, కంబళ్ళు తెస్తారు. మోరీలు చూసే యంత్రం తెచ్చుకున్న మనిషిని నేనైతే ఇంకొకరిని చూడలేదు.

ఆయన రాకముందు మాకు తెలిసిన పద్ధతి ఒకటే. నీళ్ళు పోకపోతే మేస్త్రీని పిలవడం, ఆయన గడ్డపార పట్టుకుని బాత్రూం నుంచి హాలు దాకా తవ్వుకుంటూ పోవడం, చివరికి తప్పు వాకిట్లో ఉందని తేలడం. ఈ తవ్వకాలంటే చాచాకి ఒళ్ళుమంట.

"పలగ్గొట్టుడు ఎవ్వలకన్న అస్తది బిడ్డా. ఆగి సూసుడే రాదు," అనేవాడు.

వైరు ఎంత లోపలికి పోయిందో కొలిచి, అంతే దూరం నేల మీద కొలిచి, ఒక బండ మీద సుద్దముక్కతో గీత పెట్టేవాడు. అక్కడ తప్ప ఇంకెక్కడా గడ్డపార పడనిచ్చేవాడు కాదు. తెర ముందు ఒక్కడే కూర్చునేవాడు కూడా కాదు. ఇంటి ఆడమనిషిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. మాకు సిగ్గు. మా ఇంటి మురికిని పరాయి మగాడి పక్కన కూర్చుని చూడటమేమిటని ముక్కు మూసుకుని దూరం జరిగేవాళ్ళం.

"అందరింట్ల గదే ఉంటది. కలెక్టరింట్ల గూడ గదే ఉంటది. సూడు," అనేవాడు.

పని అయ్యాక బయట నల్లా దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, సంచిలోంచి ఉతికిన చొక్కా తీసి వేసుకుని, అప్పుడుగానీ చాయ్ ముట్టేవాడు కాదు. ఎంత బతిమాలినా అంతే. చొక్కా మార్చుకున్నాక మాత్రం చుట్టం వచ్చినట్టు కుర్చీలో వెనక్కి వాలి, చక్కెర తక్కువైందని వంక పెట్టి మరీ తాగేవాడు.

మా వైపు చాలా ఇళ్ళకు యజమానులు ఇళ్ళలో ఉండరు. పైసలు పంపేది గల్ఫ్ నుంచి, గోడలు లేచేది ఇక్కడ. కాబట్టి చాచా వచ్చిన రోజు ఇంటావిడ వీడియో కాల్ చేసి ఫోన్ పట్టుకుని నిలబడేది. అక్కడ ఎడారిలో ఆ మనిషి తన ఇంటి పైపు లోపల ఏముందో చూసేవాడు. పైపు చూపించడం అయిపోయాక చాచా ఫోన్ తన చేతిలోకి తీసుకునేవాడు. "గిటు సూడు బేటా, గిది నీ వంటర్ర. గిది మీద రూము. గోడకు సున్నం మంచిగ పట్టింది," అంటూ ఇల్లంతా తిప్పేవాడు. ఎవరూ అడిగేవారు కాదు, అయినా చూపించేవాడు. ఈయనకిదేం చాదస్తమని నాకు నవ్వొచ్చేది.

మా ఇల్లు కూడా అలాంటిదే. ముగ్గు పోసిన రోజు మా ఆయన ఫోనులో ఉన్నాడు, గోడల రంగులు ఫోనులో ఎంచాడు, గృహప్రవేశం ఫోనులోనే చూశాడు. ఆ ఇంటి గడప మాత్రం ఒక్కసారీ తొక్కలేదు. ప్రతి ఏడూ వచ్చే ఏడు వస్తానన్నాడు. కంపెనీ సెలవివ్వడం లేదన్నాడు. నమ్మాను, కొన్నాళ్ళు నమ్మినట్టు ఉన్నాను, తర్వాత అదీ మానేశాను. అక్కడ ఇంకొకతి ఉందని నాతో ఎవరూ ముఖాన అనలేదు. కానీ నేను వెళ్ళేసరికి బోరింగు దగ్గర మాటలు ఆగిపోయేవి. బడి నుంచి వచ్చి, మా అమ్మాయిని నిద్రపుచ్చి, అంత పెద్ద ఇంట్లో ఒక్క గదిలోనే దీపం పెట్టుకుని కూర్చునేదాన్ని. మిగతా గదుల్లోకి వెళ్ళాలంటేనే విసుగు. ఎవరి కోసం కట్టిన గదులవి?

చివరికి నిర్ణయానికి వచ్చాను. ఇల్లు కిరాయికిచ్చి, పిల్లని తీసుకుని బీర్పూర్‌లో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలి. ఆయన ఫోన్ చేస్తే ఎత్తకూడదు. అంతే, ఇక అయిపోయింది. కానీ కింది బాత్రూంలో నీళ్ళు పోవడం లేదు, వెనక్కి తంతున్నాయి. అలాంటి ఇల్లు ఎవరు తీసుకుంటారు? వెళ్ళేముందు అది బాగుచేయిద్దామని, ఇల్లు కిరాయికిస్తున్నానని చెప్పి చాచాని పిలిపించాను.

ఆ రోజు చాచా తెర ముందు పీట మీద కూర్చున్నాడు. నేను మా ఆయనకి కాల్ కలిపి ఫోన్ పట్టుకున్నాను. ఇదే ఆఖరి కాల్ అని మనసులో అనుకున్నాను, పైకి చెప్పలేదు. కెమెరా లోపలికి పోయింది. మలుపు దాటి, హాలు కిందికి వచ్చి ఆగింది. దాని ముందు బూడిదరంగు ముద్ద. ఇల్లు కట్టినప్పుడు ఎవరో మిగిలిన సిమెంటు మాలు పైపులో పారబోశారు.

"సూసినవా బేటా, నీ ఇల్లు ఎంత గట్టిగ కట్టిన్రో. పైపులకు గూడ సిమెంటు పోసిన్రు," అన్నాడు చాచా.

మా ఆయన నవ్వాడు. చాచా కూడా నవ్వుతూనే ఫోన్ వైపు తిరిగి, అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. పైపులోకి కూడా అంత పట్టి పట్టి చూడటం నేనెప్పుడూ చూడలేదు.

"పనిదినమే గద బేటా. డ్యూటీ లేదా?"

"ఇయ్యాల సెలవు చాచా."

"కంపెనీ రూమేనా గది?"

"ఆ... అవు."

చాచా నా వైపు తిరిగాడు. "బిడ్డా, ఎనకకున్న మోరీ చాంబరు గూడ సూపిస్త, ఫోనియ్యి," అని తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.

వెళ్ళినవాడు ఎంతకీ రాడు. వంటింటి కిటికీలోంచి చూశాను. చాంబరు మూత తీయనే లేదు. దాని పక్కన గొంతుకూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, మెల్లగా ఏదో చెబుతున్నాడు. చాలాసేపు చెప్పాడు, చాలాసేపు విన్నాడు. నాకు మండింది. నా ఫోన్, నా మొగుడు, మధ్యలో ఈయన ముచ్చటేమిటి? తిరిగి వచ్చి ఫోన్ ఇస్తే "ఏమంటుండు చాచా?" అని అడిగాను.

"ఏమంటడు? బండ ఒక్కటే తియ్యుమన్నడు."

హాల్లో గీత పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు, చొక్కా మార్చుకున్నాడు, చాయ్ తాగాడు. ఆ రోజు చక్కెర ఊసెత్తలేదు. పోయేముందు మాత్రం, "బిడ్డా, ఇల్లు కిరాయికిచ్చుడు జర ఆపు," అన్నాడు.

"నువ్వు పైపుల సంగతి సూడు చాచా," అన్నాను కటువుగానే. ఆయన పెట్టె భుజాన వేసుకుని పోయాడు.

బండ తీశారు, ముద్ద తీశారు, నీళ్ళు పోయాయి. ఇల్లు చూడటానికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకరికి కిరాయి ఎక్కువ చెప్పాను, ఒకరితో బడికి సెలవులిచ్చాక రమ్మన్నాను. చాచా మాట విని కాదు. ఆ కాల్ తర్వాత మా ఆయన గొంతు మారింది. ఏమీ చెప్పేవాడు కాదు, కానీ ఫోన్ పెట్టేసేవాడు కాదు. ఊరికే అటువైపు ఉండేవాడు.

అక్కడి ప్రభుత్వం కాగితాలు లేనివాళ్ళు శిక్ష లేకుండా సొంత దేశం వెళ్ళిపోవచ్చని గడువిచ్చింది. ఆ గడువులో ఔట్‌పాసు అనే కాగితం తీసుకుని మా ఆయన వచ్చాడు. కోరుట్లలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని, ఇల్లెక్కడో తెలియక వీధి మొదట్లో నిలబడి నాకు ఫోన్ చేశాడు. తన ఇంటికి దారి అడిగాడు. బయటికి వెళ్ళి చూస్తే సగమైన మనిషి, చేతిలో ఒక్క సంచి.

అన్నం తిన్నాక చెప్పాడు. కంపెనీ జీతాలు ఆపేసిందట. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే వదిలేసి బయటికొచ్చాడట. అప్పటి నుంచి దొంగచాటు పనులు, పోలీసంటే భయం. ఇంకొకతి లేదు. ఒక గది, అందులో చాలామంది, వంతులవారీగా నేల మీద నిద్ర. నాకు సంతోషమే ముందు వచ్చిందో, ఏడుపే ముందు వచ్చిందో చెప్పలేను. రెండూ కలిసే వచ్చాయి. తర్వాత కోపం వచ్చింది. "నాకెందుకు చెప్పలె?" అన్నాను.

"ఏమని చెప్పాలె? చాచా గుర్తువట్టిండు గాబట్టి చెప్పిన," అన్నాడు.

ఆ రోజు ఫోనులో ఆయన వెనకాల గోడకు మేకులకు సంచులు వేలాడుతున్నాయట. నేను రోజూ చూసిన సంచులే. కంపెనీ గదిలో మంచాలుంటాయి, బీరువాలుంటాయి. సంచి సర్ది గోడకు తగిలించుకునేది ఎప్పుడంటే అప్పుడు పారిపోవలసినవాళ్ళే. చాచా కూడా అలాంటి గదిలో బతికినవాడే. పెరట్లోకి వెళ్ళి అడిగిన మొదటి మాట, "గా సంచులల్ల నీ సంచి ఏది బేటా?"

"ఇగ ఏమన్నడు?" అని అడిగాను.

మా ఆయన చెప్పాడు. "'ఖాళీ చేతులతోని ఎట్ల పోవాలె అనే గద ఆగుతున్నవు? నేను గూడ గట్లనే ఆగిన. నేనచ్చెటాల్లకు సిరిసిల్లల ఇల్లున్నది, ఇంట్ల మనిషి లేదు' అన్నడు."

చాచాది సిరిసిల్ల అని అప్పుడే తెలిసింది నాకు. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడట. సాంచెలు ఆగిపోయి, తోటివాళ్ళు కొందరు భీవండి పోతే ఈయన దుబాయి పోయాడు. పిల్లలు లేరు. ఉన్న ఒక్క మనిషి, ఆయన భార్య, ఈయన కోసం ఎదురుచూస్తూ జ్వరంతో పోయింది. జగిత్యాల నుంచి పిలుపొస్తే వెళ్ళేవాడు, కథలాపూర్ నుంచి పిలుపొస్తే వెళ్ళేవాడు. సిరిసిల్ల నుంచి ఎవరు పిలిచినా ఒంట్లో బాగా లేదనేవాడు. సిరిసిల్లలో పైపులు లేవా చాచా అని నేను ఆటపట్టించేదాన్ని.

ఆ రోజు చాచా మట్టికి మా ఆయన వెళ్ళాడు. వచ్చి స్నానం చేసి వాకిట్లో కూర్చున్నాడు. "ఎక్కువ మంది లేరు. ఉన్నోళ్ళం గూడ చుట్టాలం కాదు, ఆయన పని జేసిన ఇండ్లోళ్ళమే," అన్నాడు. ఇప్పుడు మా ఇంట్లో అన్ని గదుల్లో దీపాలు వెలుగుతాయి. మా ఆయన ఇక్కడే పెయింటింగు పనికి పోతున్నాడు. తగువులాడుకుంటాం, అన్నం తింటాం. ఇదంతా ఎవరి పుణ్యమో ఆ మనిషికి ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పలేదు. చెప్పబోతే ఆయన మాట మార్చేవాడు.

ఒక్కటి మాత్రం ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా. ఆయన వచ్చిన మర్నాటి సాయంత్రం. లోపల ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. నేను డాబా మీద ఆరిన బట్టలు తీస్తున్నాను. చాచా వీధి మలుపు తిరిగి వస్తూ కనిపించాడు. గేటు తీసుకుని మెట్ల దాకా వచ్చాడు. గడప పక్కన మా ఆయన చెప్పులున్నాయి, ఒకటి బోర్లా పడి ఉంది. చాచా వాటిని చూస్తూ నిలబడిపోయాడు. పైనుంచి పిలుద్దామని పిట్టగోడ మీదికి వంగి, ఆగిపోయాను. ఆయన వంగి, బోర్లా పడ్డ చెప్పును చేత్తో తిప్పి, రెండోదాని పక్కన సరిగ్గా పెట్టాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచాడు. గేటు చప్పుడు కాకుండా వేసి, ఎవరినీ పిలవకుండా, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.