పెద్దవ్వ పాటల పుస్తకానికి రెండు మెమరీ కార్డులు

భైంసా దగ్గరి ఒక ఊళ్లో మా నానమ్మ అక్క రూతమ్మ ఉంటుంది. మేమంతా పెద్దవ్వ అంటాం. వాళ్లమ్మ పెన్సిల్‌తో రాసుకున్న చర్చి పాటల పుస్తకం ఆమె దగ్గర ఉంది. పోయిన క్రిస్మస్‌కు దాన్ని ఫొటోలు తీశాను. కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చి చూస్తే పండుగ వీడియోలు, మొదటి పదిహేను పేజీలు బాగున్నాయి. మిగతావన్నీ బూడిద రంగు చారలు. ఆన్‌లైన్‌లో చవకగా కొన్న కార్డు అది. పుస్తకం కాగితం ఎంత పెళుసంటే, తిప్పినప్పుడల్లా అంచులు రాలుతాయి. ఫోన్‌లో సంగతి చెబితే పెద్దవ్వ, "ఇంకొక్కసారి తెరుస్త బిడ్డా, గంతే. మళ్ల తిప్పుదామంటే ఏం మిగలది" అంది. ఈ ప్రయాణం అందుకే.

బయలుదేరే ముందురోజు, పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు సామాను అమ్మే ఖలీల్ భాయ్ దుకాణానికి వెళ్లాను. నలుగురిలో నోరు తెరిచి అడగడం నాకు చేతకాదు. ప్రశ్న కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన అందరికీ వినబడేలా చదివారు. "'నమ్మదగిన మెమరీ కార్డును ఎలా గుర్తించాలి?' అరె, పది మార్కుల ప్రశ్న తెచ్చింది గీ అమ్మాయి!"

నా పాత కార్డును కంప్యూటర్‌కు పెట్టి వీడియోలతో నింపి చూశారు. "పైన నూట ఇరవై ఎనిమిది జీబీ అని రాసిండ్రు. కడుపుల ఎనిమిదే ఉంది. గా ఎనిమిది నిండినంక ఏసినవన్నీ మింగుతది."

ముప్పై రెండు జీబీ కార్డులు రెండు తీశారు. ఒక్కోటి ఆరువందల యాభై. పెద్దది ఒకటే చాలదా అని అడిగాను.

"పెండ్లికి పోయేటోళ్లు ఒక్క కార్డు మీద భరోసా పెట్టుకోరమ్మా. ఒకటి పోయినా సగం పెండ్లన్న మిగులుతది."

రెండింటినీ నిండా నింపి, చివరి వీడియో తెరిచి చూపించారు. "మొదటిది ఎప్పుడూ మంచిగనే ఉంటది. ఆఖరిది తెరువాలె. ఇగ ఫికర్ చెయ్యకు." గంట పట్టింది.

మర్నాడు పొద్దున ఆరుకు జగిత్యాల, ఆర్మూర్ మీదుగా నిర్మల్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. పదికల్లా నిర్మల్, పదకొండున్నరకు భైంసా. అక్కణ్నుంచి షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. డ్రైవర్ నా కెమెరా సంచి చూసి, "రిపోర్టరా మేడం? మా రోడ్డు జర టీవీల పెట్టు" అన్నాడు. పాటల పుస్తకం ఫొటో తీయడానికి వచ్చానన్నాను. "గట్లయితే గీ గుంతల మీద ఓ పాట రాయి!"

పెద్దవ్వ వసారా నీడలో కూర్చుని, ఒక్కో పేజీ కిందికి పోస్టుకార్డు జరిపి మెల్లగా తిప్పింది. పది పేజీలకోసారి నేను ఆగి, అప్పుడే తీసిన ఫొటో తెరిచి చూశాను. "నేను తిప్పుతుంటే నువ్వు ఆగుడేందే? నిద్రొస్తుందా?" అని వెక్కిరించింది. సగంలో కార్డు మార్చాను.

నలభయ్యో పేజీని ఫొటో తీయగానే అది ఆమె వేళ్ల మధ్య రెండుగా విరిగి, పొడిపొడిగా రాలింది. "పోయింది" అంది పెద్దవ్వ. ఆ ఫొటో తెరిచి, పెద్దది చేసి, ఆమె కళ్ల ముందు పెట్టాను. కాగితం మీద మసకబారిన అక్షరాలు తెర మీద స్పష్టంగా ఉన్నాయి. కూడబలుక్కుంటూ చదివి ఒకచోట ఆగింది.

"'నీ నీడలో' కాదే! 'నీ జాడలో' అని రాసింది మా అమ్మ. ఇన్నేండ్లు తప్పు పాడిన!" పకపకా నవ్వి, పాట సరిచేసుకుని పాడింది.

కార్డు కొనేటప్పుడు అందులో ఎంత పడుతుందన్నదే చూసేదాన్ని. ఎవరి అక్షరాలు ఉండబోతున్నాయో ఆలోచించలేదు. మీరూ ఇలాంటి పనిమీద వెళితే కార్డు కనీసం వారం ముందు, బిల్లుతో కొనండి. నింపి చూసే పరీక్షలో కార్డు తప్పితే మార్చుకునే సమయం ఉంటుంది. ఆ పేజీ ఇప్పుడు కాగితం మీద లేదు. వచ్చే ఆదివారం మాత్రం చర్చిలో అందరూ 'జాడలో' అనే పాడాలట. నేను కెమెరా సర్దుకునేలోపే పెద్దవ్వ పాస్టర్‌కు ఫోన్ చేసి చెప్పేసింది.