సర్వర్ కూలితే తప్ప

కొన్నేళ్లుగా ఒక్క వాక్యం నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అది అబద్ధం కూడా కాదు. అబద్ధమైతే ఎప్పుడో ఒప్పుకొని ఉండేవాణ్ణేమో.

తెనాలిలో మా చిన్న ఆఫీసు ఒక డయాలసిస్ కేంద్రానికి వెబ్ అప్లికేషన్ తయారుచేసింది. రోగులు తమ వంతును అందులోనే బుక్ చేసుకునేవారు. ఎక్కడ లోపం వచ్చినా మాకు మెయిల్ వచ్చేలా అమర్చింది నేను. బుకింగ్ విఫలమైందని మెయిల్ వస్తే రోగికి ఫోన్ చేసేది మా ఆఫీసులో పనిచేసే సునీతక్క. రోజూ బాపట్ల నుంచి రైల్లో వచ్చేది. వచ్చిన ప్రతి మెయిల్ సంగతీ సాయంత్రం మా యజమానికి చెప్పేది. వాటిలో ఎక్కువ భాగం నా కోడ్‌లోని చిన్నాచితకా లోపాలవే.

"ఏంటయ్యా డిబేటరూ, ఇవాళ కూడా ఓడిపోయావా?" అని ఆయన అందరి ముందూ నవ్వేవారు. కాలేజీలో నేను డిబేట్ పోటీలు గెలిచేవాణ్ణని ఆయనకు తెలుసు.

ఓర్చుకోలేకపోయాను. సర్వర్ పూర్తిగా కూలితే తప్ప మెయిల్ వెళ్లకుండా సెట్టింగ్ మార్చాను. ఎవరికీ చెప్పలేదు. ఒక మనిషి బుకింగ్ పోవడం సర్వర్ లెక్కలో చిన్న పొరపాటు. నా లెక్కలోనో? ఆ ప్రశ్న వేసుకోలేదా, లేక వేసుకొని జవాబు వినకుండా లేచిపోయానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

రేపల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన ఫోన్‌లో బుకింగ్ అయినట్లే ఉంది. కేంద్రంలో నమోదు కాలేదు. మంచం ఖాళీ లేదన్నారు. తిరుగు బస్సులో ఊపిరాడక పడిపోయాడు. గుంటూరు ఆసుపత్రిలో బతికాడు.

సంగతి తెలియగానే నేను చేసిన మొదటి పని సెట్టింగ్‌ను మునుపటిలా మార్చేయడం. తరువాతే యజమాని అక్కనూ నన్నూ పిలిచారు.

"ఏమ్మా, మెయిల్ తెరిచి చూసే తీరిక కూడా లేదా?"

"రాలేదండి. వస్తే చూడనా? తమ్ముణ్ణి అడగండి."

ఆయన నావైపు తిరిగారు.

"సెట్టింగ్ సరిగానే ఉందండి," అన్నాను.

ఆ క్షణాన సరిగానే ఉంది. అడిగినంతకే జవాబివ్వడం, అడగనిదాన్ని దాచుకోవడం: కాలేజీ వేదికల మీద నాకు బహుమతులు తెచ్చిన విద్యే అది. అక్క నన్ను అనుమానించలేదు. "అయితే నేనే చూసుకోలేదేమో," అంది మెల్లగా. ఆ నెలతో ఆమె ఉద్యోగం పోయింది.

ఇప్పుడు కర్లపాలెంలో ఏదో బడిలో పనిచేస్తోందట. ఆమెకు చెప్పాలని కూర్చున్న ప్రతిసారీ నా మాటలు వాదనగా మారిపోతాయి: యజమాని ఎగతాళి, నా వయసు, పని ఒత్తిడి. వాటిలో ఏది అబద్ధం? ఏదీ కాదు. అందుకే అవేవీ లేకుండా ముందు మీకు చెబుతున్నాను.

మెయిళ్లు ఆపింది నేను. అక్క చూడకుండా వదిలేసింది ఒక్కటీ లేదు.