హనుమంతరావు గారూ, ఉప్పూ

తాడేపల్లిగూడెం కాలేజీలో ప్రొఫెసర్ హనుమంతరావు గారికి లోకంలో ఒక్కటే శత్రువు: ఉప్పు. కూరలో ఉప్పు కాదు, మనుషుల వేళ్ల మీద ఉప్పు. ఎవరు నమస్కారం పెట్టినా ముందు ఆ చేతులకేసి చూసి, మొహం చిట్లించి, "ఛీ! ఉప్పు!" అనేవారు. తన పెళ్లిలో అక్షింతలు వేయవచ్చిన వాళ్లని కూడా చేతులు కడుక్కుని రమ్మన్నారని ల్యాబ్ అటెండరు బాపిరాజు చెప్పేవాడు. అబద్ధమే కావచ్చు గానీ, నమ్మనివాడు లేడు.

ఇదంతా ఆయన మైక్రోస్కోపు వల్ల. అందులో సన్నటి సూదిమొన లోహాన్ని తాకీ తాకకుండా తిరుగుతూ, పైపొర మీద ఎక్కడ ఎంత పొటెన్షియల్, అంటే విద్యుత్తు మట్టం, ఉందో రంగుల పటం గీస్తుంది. తేడా ఉన్నచోటే తుప్పు మొదలవుతుంది. చెమట ఉప్పుతో వేలిముద్ర పడిందా, పటమంతా అబద్ధం.

ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది ఆకివీడు పిల్ల కెజియా. వాళ్ల నాన్న బెంజమిన్ చేపలకు మేత వేసే అల్యూమినియం పడవకి ఏటా చిల్లులు పడుతుంటే, ఎందుకో తేలుద్దామని ఆ రేకు మీదే పరిశోధనకి దిగింది. శుక్రవారంలోగా మంచి పటం ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ మహానుభావుడేమో ఇప్పటికి పదకొండు రేకు ముక్కలు తిప్పికొట్టారు.

బుధవారం పన్నెండోది పెట్టింది. తెర నిండా మెరిసే చుక్కలు.

"చూడండి సార్! తుప్పు ఇక్కణ్ణుంచే మొదలవుతుందండీ!"

ఆయన తెర చూడలేదు. ఆమె సంచీ వాసన చూశారు.

"ఇందులో ఏముందమ్మా?"

"మా పిన్నికండీ... ఉప్పుచేపలు."

"మరి ముక్క పెట్టిన డబ్బా?"

"వాటి కిందేనండీ. మూత పెట్టానండీ."

"ఛీ! ఇది రేకు పటం కాదు, చేప పటం! దీనికి డాక్టరేట్ ఇస్తే గణపవరం చేపల బజారు నిండా డాక్టర్లే!"

కెజియాకి ఒళ్లు మండింది. "మీరసలు ఉప్పూ కారం తినే మనిషేనాండీ?" అనేసి, నాలిక కరుచుకుంది. ఆయన తలుపు తోసుకుని వెళ్లిపోయారు. ఇంక తన చదువు కొల్లేట్లో కలిసిందనుకుంది.

గురువారం పొద్దున్న పుస్తకాలు సర్దుకోవడానికి వస్తే, బాపిరాజు గాజుపెట్టెలోంచి అద్దంలా మెరిసే ముక్క చూపించాడు.

"మీ పడవ రేకేనండీ. ఆదివారం నుంచీ సారే పాలిష్ పడుతున్నారండీ, మీది పాడైతే ఇంకోటుండాలని. మీకు చెబితే నా ఉద్యోగం ఊడగొడతానన్నారండీ."

మైక్రోస్కోపు వంతులు రాసే రిజిస్టరులో ఆ రోజంతా హనుమంతరావు గారిదే. ఆ పేరు కొట్టేసి, పైన కెజియా పేరు రాసుంది.

సాయంత్రానికి పటం వచ్చింది. నిన్నటి చుక్కల్లేవు. రాగి కలిసిన రేణువుల దగ్గర మాత్రం రంగు మారింది. నాన్న పడవకి చిల్లు ఎక్కడ పుడుతుందో కెజియాకి మొదటిసారి కనబడింది. హనుమంతరావు గారు చాలాసేపు చూశారు. ఛీ అనలేదు.

"సార్, మీ వేళ్లు కందిపోయాయండీ..."

"నా వేళ్లతో నీకేం పని? థీసిస్ రాసుకో. ఆ ఉప్పుచేపలు ఉన్నాయా?"

"పిన్నికిచ్చేశానండీ. క్యారియర్లో కాస్త చేపల పులుసన్నం ఉందండీ."

ల్యాబ్ బయట మెట్ల మీద కూర్చుని, ఆమెని రెండుసార్లు చేతులు కడుక్కోమని, తాను మూడుసార్లు కడుక్కుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మొహం చిట్లించారు.

"ఛీ! ఉప్పు చాల్లేదు."