ఆగస్టు లేదన్న కంప్యూటరు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకు కంప్యూటర్ల మీద ఎంత నమ్మకమో మనుషుల మీద అంత అనుమానం. మా కంపెనీ ఆఫీసు తిరువళ్ళూరులో, గోడౌను తిరుత్తణిలో. ఏ నెల ఫోల్డరులోని సరుకు జాబితాలను ఆ నెల చివర ఒకే పట్టికగా కలిపే చిన్న స్క్రిప్టు రాశాను. రెండు చోట్లా నడిస్తేనే ఉద్యోగం పర్మినెంటు అన్నాడు గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన మా మేనేజరు. నా కంప్యూటర్లో చక్కగా నడిచింది. తిరుత్తణిలో మొదటి అడుగులోనే కూలబడింది.

అక్కడ కంప్యూటరు చూసేది గోడౌను అక్క. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అందరికీ కాఫీ ఇచ్చి నన్ను మరచిపోయింది (మరచిపోయానన్నది ఆమె మాట). అందుకే ఆమె ఫోను చేసి "ఆగస్టు ఫోల్డరు లేదంటా ఉండాది తమ్ముడూ" అనగానే, తనే తుడిచేసిందని తేల్చుకున్నాను. "యాడికి పోతాదక్కా, బాగా చూడు." "నా కండ్లెదురుగానే ఉండాది. నీ స్క్రిప్టుకే కండ్లు లేవు!" మరునాడే రైలెక్కి వెళ్ళాను. నిజమే, నేను పంపిన ఆగస్టు ఫోల్డరు తెర మీదే ఉంది. కిందనే, ఆగస్టు లేదన్న మెసేజీ కూడా ఉంది. గంటసేపు రెండింటినీ మార్చి మార్చి చదివాను. అక్క నవ్వు ఆపుకుంటున్నట్టు తోచింది. ఒళ్ళు మండి, ఆమె మీద పొడుగాటి ఫిర్యాదు ఫోనులో కొట్టి, తెరకు ఫోటో తీసి, రెండూ మేనేజరుకు పంపాను.

వెంటనే ఫోను. "ఏందయ్యా, ఫోల్డరు మీద ఇంగ్లీషులో ఆగస్టు అనుంది. కింద లేదన్న చోట ఏందో మెలికలున్నయ్యి. రెండూ ఒకటేనా?"

అప్పుడు చూశాను. అక్క తన కంప్యూటరును తమిళంలో పెట్టుకుంది. ఇది ఏ నెల అని నా స్క్రిప్టు అడిగితే అది తమిళ అక్షరాల్లో ఆగస్టు అని చెప్పింది. ఆ అక్షరాలతో ఫోల్డరు వెతికితే ఎక్కడ దొరుకుతుంది? రెండు లిపులూ ఆగకుండా చదివేసే నాకూ అక్కకూ తేడా తెలియలేదు. తమిళం రాని మనిషికే కనబడింది.

"మరి ఫోటో పైన కూడా మెలికల్తో పొడుగ్గా రాశావే, అదేంది?" అన్నాడు మేనేజరు. కోపంలో ఫిర్యాదంతా చేతికి అలవాటైన తమిళంలోనే కొట్టానన్నమాట. ఫోను స్పీకరులో ఉంది, అక్క పక్కనే ఉంది. "అక్క చానా సాయం చేసిందని రాసినాను సార్," అన్నాను.

స్క్రిప్టులో ఒక్క వరుస మారిస్తే నడిచింది. ఉద్యోగం నిలిచింది. అక్క మొదటిసారి నాకు కాఫీ తెచ్చిచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ రోజును తలుచుకుంటే నా మీద నాకే నవ్వొస్తుంది. కాకపోతే కాఫీలో చక్కెర లేదు. ఆమె కాఫీ పెట్టేటప్పుడు నా ఫోను బల్ల మీద తెరిచే ఉండింది, ఆమె తమిళం గబగబా చదువుతుంది కూడా.