డాబా మీది ద్రాక్షలు

పోయినేడు పెందుర్తి నుంచి ఇంటికొస్తూ, బస్సులో ఒళ్ళో గాజు జాడీ పెట్టుకుని నాలో నేనే తిట్టుకుంటున్నాను. చేపలమ్మేసి ఖాళీ బేసిన్‌తో పక్కన కూర్చున్న పెద్దావిడ, "ఏటి బాబూ అది?" అంది.

"వైనమ్మా. పాడైపోయింది."

అక్కడితో ఆగానా? మొత్తం చెప్పేశాను. కంచరపాలెంలో మా డాబా మీద ద్రాక్ష తీగ పెంచాను. పోర్టు వైపు నుంచొచ్చే నల్ల బొగ్గు దుమ్ము గుత్తుల మీద పేరుకుంటుంటే, ఒక్కో పండునూ ఉప్పునీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి మరీ జాడీలో వేశాను. ఎన్నాళ్ళు చూసినా పొంగలేదు సరికదా, బూజు పట్టింది. పెందుర్తిలో వైన్ చేసే స్నేహితుడికి చూపిస్తే నవ్వాడు. పులియబెట్టే ఈస్ట్ ఆ తొక్క మీదే ఉంటుందట, నేను దాన్నే కడిగి పారేశానట. కడక్కపోతే బొగ్గు తాగాలి, కడిగితే బూజు తాగాలి. ఈ ఊళ్ళో ఇంకేం చెయ్యమంటారు?

ఆవిడ అంతా వింది. "అదంతా సరే గానీ బాబూ, ఇంతకీ ఆ పళ్ళు తియ్యగున్నాయేటి?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను చెప్పిందేమిటి, ఈవిడ అడిగేదేమిటి? జవాబు చెబుదామని నోరు తెరిచాను. వైన్‌కి తక్కువవుతాయని ఇంట్లో ఎవరినీ ఒక్క పండు ముట్టనివ్వలేదు. నేనూ తినలేదు.

స్టాపులో దిగి, జాడీ గుమ్మంలోనే వదిలేసి డాబా ఎక్కాను. ఆకులెత్తి ఎత్తి చూశాను. ఒక్కటీ మిగల్లేదు.