ఓబులేసు మాలిమి చేసుకున్న కాలు

నిన్న పొద్దున ఆళ్లగడ్డ బస్టాండులో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది.

"చిన్నాయనా, మా నాయన పోయినాడు" అన్నాడు ఓబులేసు కొడుకు శీను.

మొన్న సాయంత్రమే కదా నాతో నవ్వుతూ మాట్లాడింది!

నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఓబులేసు నా చిన్ననాటి స్నేహితుడు. ట్రాక్టర్ కింద పడి కుడికాలు మోకాలి పైనుంచి పోయింది. తర్వాత ఒక కంపెనీ వాళ్లు నంద్యాల క్యాంపులో మోటారు కాలు పెట్టారు. బ్యాటరీతో పనిచేస్తుంది. మనిషి నడక చూసి, దానికి తగ్గట్టు అదే మారుతుంది.

"ఇది కాలు కాదప్పా, కోడెదూడ. మాలిమి చేస్తాండా" అనేవాడు.

నిజంగానే చేశాడు.

ఆ కాలును బూటు మడమ ఎత్తుకు సరిచేసి ఇచ్చారు. బూటు తీస్తే మనిషి వెనక్కి వాలిపోతాడు. తీయొద్దన్నారు.

కానీ మా పక్క పైరున్న మడిలోకి చెప్పుతో ఎవరూ దిగరు. ఓబులేసు దిగుతాడా?

బూటు గట్టు మీద విడిచి, కర్ర పట్టుకుని, పడుతూ లేస్తూ ఆ కాలికి వట్టికాలి నడక నేర్పాడు. ఒకసారి బురదలో కూలబడి దాన్ని తిడుతున్నాడు. "నీ యబ్బ, నాకంటే నీకే మొండి ఎక్కువుందే!"

కొన్నాళ్లకు కర్ర పారేశాడు. "చూడప్పా, చెప్పినమాట ఇంటాంది" అని మీసం తిప్పాడు.

మొన్న సర్వీసుకని నంద్యాలకు పిలిచారు. కొత్త సాఫ్ట్‌వేర్ వేసి పంపారు. "ఇంకా బాగుంటాదంటప్పా" అని వచ్చి నాతో చెప్పాడు. బూటుతోనే ఉన్నాడు కాబట్టి తేడా తెలియలేదు.

నిన్న తెల్లవారి మడికి నీళ్లు కట్టడానికి వెళ్లాడు. ఎప్పటిలాగే గట్టు మీద బూటు విడిచి అడుగేశాడు.

కాలు వెనక్కి పడేసింది. కాలువ సిమెంటు అంచు తలకు తగిలింది.

మధ్యాహ్నం కంపెనీ మనిషి వచ్చాడు. శీను నిలదీస్తే అప్పుడు చెప్పాడు.

"అప్‌డేట్ చేస్తే పాత నడక పోతుందండి. మళ్లీ నేర్చుకుంటుంది."

మళ్లీ నేర్చుకుంటుందంట! నేర్పేవాడు ఎక్కడున్నాడయ్యా?

పైగా "బూటు తీయొద్దని ముందే చెప్పాం కదా" అన్నాడు. శవం ముందు నిలబడి.

మాలిమైన ఎద్దును విప్పేసి, కాడికి కొత్త ఎద్దును కట్టి, రైతుకు చెప్పకుండా పోతారా? ఒక్క మాట చెప్పి ఉంటే కర్ర పట్టుకుని వెళ్లేవాడు. ఒక్క మాట!

కాలు కంపెనీదంట. తిరిగి ఇవ్వాలంట.

ఓబులేసు భార్య లక్ష్మమ్మ లేచి, ఆ కాలు తెచ్చి అతని ముందు పెట్టింది. గట్టు మీద దొరికిన బూటు కూడా పెట్టింది.

"ఇది గూడా తీస్కపో నాయనా. తొడుక్కోలేదనే గదా మీ బాధంతా."

అతను రెండూ తీసుకుని వెళ్లిపోయాడు.

ఓబులేసూ, వట్టికాలితోనే పో అప్పా. అక్కడ నిన్ను అడిగేవాడు లేడు.

నీకు నెమ్మది దొరకాలి. నాకు మాత్రం ఇప్పట్లో దొరకదు.