చౌరప్ప స్వామి దించిన బరువు

నిన్న ఎవరో కొత్త చింతపండు బుట్ట తెచ్చి నా గది ముందు పెట్టి వెళ్లారు. తలుపు తీయగానే ఆ పుల్లటి వాసన ముక్కుకు తగిలి, ఒకప్పటి హిందూపురం కళ్ల ముందు నిలిచింది. మా కతోలిక గురువు చౌరప్ప స్వామి ఇల్లు చింతపండు మండీని ఆనుకుని ఉండేది. కాయ దిగే రోజుల్లో ఆ వీధంతా పులుపే. ఆయన పూజలో వేసుకునే వస్త్రాలు కూడా అదే వాసన వేసేవి. ఆయనను చూసినవాళ్లు ఇప్పుడు నాకు తెలిసి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మడకశిర వైపు మనిషి. పొట్టిగా, నల్లగా ఉండేవాడు. మాటలో కన్నడం కలిసేది. ఎడమ చెవి వినపడదు. తప్పులు చెప్పుకుని క్షమాపణ పొందే పాపసంకీర్తనానికి వెళ్లినవాళ్లు ఏ పక్కన మోకరించాలో చూసుకుని మరీ మోకరించేవాళ్లు. హిందూపురంలో ఉంటూనే పెనుకొండ, ధర్మవరం కూడా ఆయనే చూసుకునేవాడు. మా నాయన ధర్మవరం స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్‌మన్. మా వీధిలో అందరూ మగ్గాలవాళ్లు. కతోలికుల ఇళ్లు నాలుగో అయిదో ఉండేవి. స్వామి నెలకొకసారి రైల్లో వచ్చి మా వసారాలోనే పూజ చేసేవాడు.

నాకు నాలుగేళ్లప్పుడు విషజ్వరం వచ్చిందట. డాక్టరు పెదవి విరిచాడట. అప్పుడు మా అమ్మ దేవమాత పటం ముందు పడి, వీడు బతికితే గురువుగా నీ కొడుక్కే ఇస్తానని మొక్కుకుంది. నేను బతికాను. ఆనాటి నుంచి ఇంట్లో నా పేరు పోయి ‘సామి’ మిగిలింది. నాకు చొక్కా కుట్టించినా, కోడిగుడ్డు పెట్టినా ఆ మొక్కు ఒకసారి తలచుకోకుండా ఉండేది కాదు అమ్మ. ఊహ తెలిసే కొద్దీ నాలో ఒక భయం పెరిగింది. నేను గురువును కాకపోతే, దేవుడు ఇచ్చిన ప్రాణం తిరిగి తీసుకుంటాడు. కొంచెం ఒళ్లు వెచ్చబడితే చాలు, గడువు వచ్చేసిందనుకునేవాణ్ణి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పద్దెనిమిదో ఏట అమ్మ నన్ను హిందూపురం తీసుకువెళ్లింది. గురువు చదువుకు నన్ను చేర్చుకోమని బెంగుళూరు సెమినరీకి స్వామి ఉత్తరం రాసివ్వాలి. ఆయన అమ్మను వంటింట్లో కూర్చోమని, నన్ను లోపలికి పిలిచి, కుర్చీ తిప్పుకుని, వినపడే చెవి నా వైపు పెట్టాడు.

“ఏమప్పా, నీకు ఇష్టముండాదా?”

“అమ్మ మొక్కుకొనింది స్వామీ.”

“నేనడిగింది అమ్మ సంగతి గాదు.”

నోరు తెరిస్తే మాటకు బదులు ఏడుపు వచ్చింది. చచ్చిపోతానని భయమని, ఇన్నేళ్లుగా దాచుకున్నదంతా చెప్పేశాను. ఆయన నన్ను ఓదార్చలేదు. లేచి వెళ్లి అమ్మను పిలుచుకొచ్చాడు.

“అమ్మా, నేనుత్తరం రాయను. నీ మొక్కు నిన్ను కట్టేస్తుంది గానీ వీణ్ణి కట్టేయదు. ఇంగొకరి బతుకును మొక్కే హక్కు మనకు లేదు.”

అమ్మ ముఖం పాలిపోయింది. “బిడ్డకేమన్నా అయితే ఎట్ల స్వామీ?”

“అయితే నా మీద పడనీ. వద్దన్నది నేనేనని దేవుని ముందర నేను చెప్పుకుంటా.”

తిరుగు ప్రయాణంలో అమ్మ జపమాల తిప్పుతూనే ఉంది. నాకు మాత్రం ఒళ్లంతా తేలికైంది. పెనుకొండ కొండ కిటికీలోంచి కనిపిస్తే, దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. ఇంటికి చేరగానే రెండు రాగి ముద్దలు తిని, ఎండ మొహాన పడేదాకా నిద్రపోయాను. ఆ తర్వాత చాలా నెలలు అమ్మ ఏదో వంకతో నా నుదురు తాకి చూసేది. నాకేమీ కాలేదు.

స్వామే పెనుకొండలో చిన్న బడి ఒకటి చూసి నన్ను పంతులుగా పెట్టించాడు. నాలుగేళ్లు అక్కడే ఉన్నాను. పిల్లలతో పొద్దు హాయిగా గడిచేది. వచ్చినప్పుడల్లా ఆయన పాఠాల గురించి, వానల గురించి మాట్లాడేవాడు తప్ప గురువునయ్యే మాట ఎత్తేవాడు కాడు.

యుద్ధం జరుగుతున్న రోజులు. ఒక ఆదివారం పొద్దున కొత్తచెరువు పక్క పల్లె నుంచి ఒక రైతు బండి కట్టుకుని వచ్చాడు. వాళ్లమ్మకు చివరి ఘడియలు, స్వామి కావాలి. స్వామి హిందూపురంలో చలిజ్వరంతో పడి ఉన్నాడని నాకు తెలుసు. కబురు పంపి, ఊరికే ఉండలేక నేను ఆ బండి ఎక్కాను. వేరుశెనగ కట్టెలు పేర్చిన కొట్టంలో ఆ అవ్వ పడుకుని ఉంది. దగ్గర కూర్చుని నాకు వచ్చిన జపాలన్నీ చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు సామివేనా నాయనా?”

“కాదవ్వా.”

“ఎందుకు గాదు?”

ఆమె నన్ను నిలదీయలేదు. దాహంతో ఉన్న మనిషి కుండలో నీళ్లెందుకు లేవని అడిగినట్టు అడిగింది, అంతే. ఆ రాత్రంతా ఆ చెయ్యి వదలకుండా కూర్చున్నాను.

మరునాడు ఉదయం చౌరప్ప స్వామి వచ్చాడు, ఒంటి మీద జ్వరం అలాగే ఉంది. అందరినీ బయటికి పంపి ఆమె పాపసంకీర్తనం విన్నాడు. నేను మళ్లీ లోపలికి వెళ్లేసరికి, రాత్రంతా ముడుచుకుపోయి ఉన్న ఆ ముఖం నిద్రపోయే పసిబిడ్డ ముఖంలా విచ్చుకుని ఉంది. రెండు రోజుల తర్వాత ఆమె నెమ్మదిగా వెళ్లిపోయింది. విచ్చుకున్న ఆ ముఖం చూసిన క్షణాన నాకు కలిగింది భయం కాదు, ఆశ. గురువు మాత్రమే చేయగల ఆ పని నేను చేయాలి.

వారం ఆగి హిందూపురం వెళ్లి చెప్పాను. ఆయన సంతోషపడినట్టు కనిపించలేదు.

“మీ అమ్మకు చెప్పినావా?”

“లేదు స్వామీ.”

“చెప్పొద్దు. ఆరు నెలలు పిల్లోళ్లకు పాఠాలు చెప్పుకో. అప్పటికీ ఇదే మాటంటే రా.”

ఆరు నెలల తర్వాత అదే మాట అన్నాను. అప్పుడు రాశాడు ఉత్తరం. ఇంటికి వెళ్లి చెబితే అమ్మ పొయ్యి ముందు నుంచి లేచి, రెండు చేతులూ అడ్డంగా ఊపింది. “నేనేమీ అనలేదు నాయనా! నేనేమీ అనలేదు!” అంటూనే ఏడ్చేసింది. ఆమె అంత సంతోషాన్ని అంత భయంగా పట్టుకోవడం నేను మళ్లీ చూడలేదు.

నాకు గురుపట్టం ఇచ్చిన నాటికి చౌరప్ప స్వామి బాగా ముసలివాడైపోయాడు. ఆయన వినపడే చెవి దగ్గరికి వంగి, మీ వల్లనే స్వామీ అన్నాను.

“నేను చేసిందేముండాదప్పా? తలుపు తీసినా. పోయింది నువ్వే, వచ్చిందీ నువ్వే,” అన్నాడు. ఆ మరుసటి ఏడాదే కాలం చేశాడు.

ఈ జీవితంలో కష్టమైన రోజులు లేకపోలేదు. ఖాళీ బల్లలకు పూజ చెప్పిన రోజులున్నాయి, నా గుడికొచ్చే జనమే నాతో మాట్లాడని రోజులున్నాయి. అలాంటి రోజుల్లో తమను ఈ దారిలోకి నెట్టినవాళ్లను తలచుకుని కుమిలిపోయే తోటి గురువులను చూశాను. నాకు ఆ బాధ ఎన్నడూ లేదు. ఎంత వెతికినా తప్పు మోపడానికి అమ్మ దొరకదు, స్వామి దొరకడు, దేవుడూ దొరకడు. అలసిపోయి పడుకుంటాను. పొద్దున్నే లేచి, ఎవరూ లేపకుండానే, గుడి తలుపు తీస్తాను.